క్లౌడ్ కంప్యూటింగ్: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో క్లౌడ్ మీద పనిచేస్తాను. ఇంజనీరింగ్ చదివే మా చుట్టాల పిల్లలు, డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేరినవాళ్లు, చిన్న వ్యాపారం నడుపుకునే స్నేహితులు, ఫోన్ నిండిపోయిందని అడిగే పెద్దవాళ్లు... వీళ్లందరి సందేహాలూ తిరిగి తిరిగి అవే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. మొదటి నుంచీ చదవాల్సిన పని లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడే చదువుకోండి.

## అసలు ఇదేమిటో తెలియనప్పుడు

క్లౌడ్ అంటే మన ఫైళ్లు నిజంగా ఎక్కడుంటాయి? శాటిలైట్‌లోనా?

నేల మీదే ఉంటాయి. గోడౌన్ లాంటి పెద్ద భవనం, అందులో బీరువాల్లా వరసగా నిలబెట్టిన ర్యాకులు, ఒక్కో ర్యాకులో పదుల కొద్దీ కంప్యూటర్లు. వాటికి రాత్రీ పగలూ కరెంటు కావాలి. కరెంటు పోతే వెంటనే బ్యాటరీలు, ఆ తర్వాత డీజిల్ జనరేటర్లు అందుకుంటాయి. పుట్టే వేడిని లాగేయడానికి కూలింగ్ ఆగకుండా నడుస్తుంది. దీన్నే డేటా సెంటర్ అంటారు. అమెజాన్ క్లౌడ్‌కి 2016 నుంచి ముంబైలో, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో ఇలాంటి కేంద్రాలున్నాయి. మైక్రోసాఫ్ట్‌కి పుణె, చెన్నై, ముంబైల్లో, గూగుల్‌కి ముంబై, ఢిల్లీల్లో ఉన్నాయి. దేశాల మధ్య డేటా కూడా దాదాపు అంతా సముద్రం అడుగున వేసిన కేబుళ్లలోంచే వెళ్తుంది. మన దేశంలో అవి ఎక్కువగా ముంబై, చెన్నైల దగ్గర ఒడ్డుకు చేరతాయి. ఎవరైనా "అది క్లౌడ్‌లో ఉంది" అంటే "ఎవరి భవనంలో, ఏ ఊళ్లో?" అని అడిగి చూడండి. సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

మరి "మేఘం" అనే పేరెందుకు పెట్టారు?

నెట్‌వర్క్ బొమ్మలు గీసేటప్పుడు ఇంజనీర్లు మన ఆఫీసు అవతల ఉన్న దాన్నంతా వివరంగా గీయకుండా ఒక మబ్బు బొమ్మ వేసి వదిలేసేవారు. ఆ బొమ్మే పేరైంది. కరెంటులా, టెలిఫోన్‌లా కంప్యూటర్ శక్తిని కూడా వాడినంతకే డబ్బు కట్టే రోజు వస్తుందని కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1961లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో చెప్పాడు. జనం చేతికి అందింది మాత్రం 2006లో, అమెజాన్ ముందు ఎస్3 నిల్వ సేవను, తర్వాత ఈసీ2 పేరుతో అద్దె కంప్యూటర్లను తెరిచినప్పుడు.

మా ఆఫీసులో సర్వర్ ఉంది. ఇంటర్నెట్‌తో ఇంటి నుంచి కూడా వాడుకుంటాం. అది క్లౌడ్ కాదా?

కాదు. ఇంట్లో పెళ్లనుకోండి. ఐదొందల మందికి కుర్చీలు, గంగాళాలు, షామియానా కావాలి. అవన్నీ కొని ఎక్కడ పెట్టుకుంటాం? టెంట్ హౌస్‌కి చెప్తాం. తెచ్చి వేస్తారు, పనయ్యాక పట్టుకుపోతారు, ఎన్ని కుర్చీలు ఎన్ని రోజులున్నాయో లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు. మీ ఆఫీసు మూలనున్న సర్వర్ మీరు కొనుక్కున్న గంగాళం. రేపు పది రెట్లు వంట పడితే అది సరిపోదు, వంట లేని రోజున ఊరికే కూర్చుంటుంది.

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2011లో ఇచ్చిన నిర్వచనంలో ఐదు గుర్తులున్నాయి. ఎవరినీ అడక్కుండా మనమే తీసుకోగలగాలి. నెట్ ద్వారా ఎక్కడినుంచైనా అందాలి. ఒకే సామగ్రిని చాలామందికి పంచగలగాలి. కావలసినప్పుడు చకచకా పెరిగి, అక్కర్లేనప్పుడు తగ్గాలి. వాడకాన్ని మీటరు పెట్టి కొలవాలి. మీ సర్వర్‌కి రెండోది మాత్రమే ఉంది.

ఒకే మెషీన్‌ని అంతమందికి ఎలా అద్దెకిస్తారు? పక్కవాళ్లది నాకు కనిపించదా?

ఒక పెద్ద కంప్యూటర్ మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ కూర్చుని, దాని ప్రాసెసర్‌నీ మెమరీనీ వాటాలు వేస్తుంది. ఒక్కో వాటా లోపలున్నవాళ్లకి విడి కంప్యూటర్‌లాగే కనిపిస్తుంది, దానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. ఈ పని ఐబీఎం 1960ల్లోనే పెద్ద కంప్యూటర్ల మీద చేసింది. మామూలు పీసీల్లో ఉండే ప్రాసెసర్ల మీద బాగా చేయగలగడం 1999లో వీఎంవేర్‌తో వచ్చింది. పక్క వాటా మెమరీని మీరు చదవలేరు. ఆ గోడ నిలబెట్టడానికే ప్రాసెసర్లలో ప్రత్యేక ఏర్పాట్లున్నాయి.

ఐఏఏఎస్, పీఏఏఎస్, ఎస్ఏఏఎస్... ఇంటర్వ్యూలో అడుగుతారు, ఎంత చదివినా గుర్తుండవు. తేలిగ్గా చెప్పండి.

ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, ప్లాట్‌ఫామ్, సాఫ్ట్‌వేర్... ఒక్కోదాని చివర "యాజ్ ఎ సర్వీస్", అంటే అద్దె సేవగా తీసుకోవడం. విందు భోజనంతో గుర్తుపెట్టుకోండి. టెంట్ హౌస్ నుంచి పొయ్యిలు, పాత్రలు మాత్రం తెచ్చుకుని సరుకులు, వంట, వడ్డన మనమే చూసుకుంటే ఐఏఏఎస్. ఈసీ2 లాంటి ఖాళీ మెషీన్ తీసుకుని అందులో అన్నీ మనమే ఎక్కించుకోవడం ఇదే. సరుకులు మనం ఇచ్చి పొయ్యి వెలిగించడం దగ్గర్నుంచి అన్నీ వంట మాస్టర్‌కి వదిలేస్తే పీఏఏఎస్. మన కోడ్ ఇస్తే నడిపించే గూగుల్ యాప్ ఇంజన్ లాంటివి. ఎంతమంది వస్తారో చెప్పి క్యాటరింగ్‌కి అప్పగించి మనం కూర్చుని తింటే ఎస్ఏఏఎస్. జీమెయిల్ అదే.

ఇంటర్వ్యూలో ఇంకో మెట్టు ఎక్కాలంటే ప్రతి దానిలోనూ "చెడిపోతే బాగు చేయాల్సింది ఎవరు?" అన్నది చెప్పండి. ఐఏఏఎస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్‌డేట్లు వేయాల్సింది మీరే, పీఏఏఎస్‌లో వాళ్లు. అడిగేవాళ్లు వినాలనుకునేది ఈ తేడానే.

పబ్లిక్ క్లౌడ్ అంటే నా ఫైళ్లు పబ్లిక్ అందరూ చూడొచ్చనా?

ఈ పేరు చాలామందిని భయపెడుతుంది. ఆర్టీసీ బస్సు పబ్లిక్‌ది, అయినా మీ సంచిలో ఏముందో పక్క సీటువాళ్లకి తెలియదు కదా. డబ్బు కట్టే ఎవరికైనా అద్దెకిచ్చే క్లౌడ్ కాబట్టి పబ్లిక్ అన్నారు, అంతే. ఒకే సంస్థ కోసం నడిపేది ప్రైవేట్ క్లౌడ్, రెండూ కలిపి వాడితే హైబ్రిడ్. భారత ప్రభుత్వ శాఖల కోసం నడిచే క్లౌడ్ ప్రయత్నం పేరు మేఘరాజ్.

ఇంటర్ ఫలితాల రోజు సైటు తెరుచుకోదు. క్లౌడ్‌లో పెడితే ఆ బాధ పోతుందా?

పెట్టినంత మాత్రాన పోదు. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే క్లౌడ్ ఎందుకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో రెండూ ఇందులోనే కనిపిస్తాయి.

ఫలితాల సైటుకి ఏడాదంతా రద్దీ ఉండదు. ఒక్క రోజున, మంత్రిగారు విడుదల చేసిన పది నిమిషాల్లో లక్షల మంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, మేనమామలు ఒకేసారి హాల్ టికెట్ నంబరు కొడతారు. సొంత సర్వర్లతో అయితే ఆ గంట కోసం ఏడాది పొడవునా యాభై మెషీన్లు మేపాలి. క్లౌడ్‌లో ఆ గంటకే యాభై తీసుకుని సాయంత్రానికి వదిలేయవచ్చు. రద్దీని బట్టి తనంతట తనే పెరిగేలా పెట్టడాన్ని ఆటో స్కేలింగ్ అంటారు.

చిక్కులు రెండున్నాయి. ఆటో స్కేలింగ్ రద్దీని గమనించి, కొత్త మెషీన్ లేపి, పనికి సిద్ధం చేసేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఫలితాల రద్దీ సెకన్లలో మీద పడుతుంది. కాబట్టి విడుదల సమయం తెలిసినప్పుడు మెషీన్లను ముందే పెంచి ఉంచాలి. ఇక రెండోది, ముందు కౌంటర్లు యాభై తెరిచినా లోపల ఫైలు వెతికి ఇచ్చే గుమస్తా ఒక్కడే అయితే క్యూ కదలదు. ఆ గుమస్తా డేటాబేస్. ఒకసారి ప్రకటించాక ఫలితం ఆ రోజంతా మారదు కాబట్టి ప్రతి నంబరుకీ ఫలితాన్ని ముందే ఒక చిన్న ఫైలుగా తయారుచేసి, దేశమంతటా ఉన్న సీడీఎన్ సర్వర్లలో (వాడేవాళ్లకి దగ్గర్లో కాపీలు దాచి ఇచ్చే సర్వర్లు) పరిచేస్తే గుమస్తా దాకా వెళ్లే పనే ఉండదు.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల సంగతి వేరు. అక్కడ టికెట్లు పరిమితం, ఒకరికిచ్చింది ఇంకొకరికి ఇవ్వకూడదు, ప్రతి క్లిక్కూ డేటాబేస్‌ని తాకాల్సిందే. అందుకే అక్కడ వర్చువల్ క్యూ పెట్టి మనల్ని కాసేపు ఆపుతారు. అక్కడ ఎన్ని మెషీన్లు పెంచినా టికెట్లు పెరగవు.

## ఫోన్‌లో, ఇంట్లో వాడేటప్పుడు

ఫోన్‌లో ఫోటోలు తీసేస్తే క్లౌడ్‌లోనూ పోయాయి. ఇదెక్కడి బ్యాకప్?

అది సింక్. రెండు చోట్లా ఒకేలా ఉంచడమే దాని పని, మీరు ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేస్తుంది. బ్యాకప్ అంటే ఇక్కడ పోయినా అక్కడ మిగిలేది. గూగుల్ ఫోటోస్ యాప్‌లో ఫోటోని డిలీట్ చేస్తే రెండు చోట్లా పోతుంది. ఫోన్‌లో మాత్రమే ఖాళీ చేయాలంటే అదే యాప్‌లో "ఫ్రీ అప్ స్పేస్" వాడాలి.

ఇప్పుడే పోయాయా? కంగారుపడకండి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయి ఉన్నవి 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, ఐక్లౌడ్‌లో 30 రోజులు. ముందు అక్కడ చూడండి. పిల్లల చిన్నప్పటి ఫోటోలు, పెళ్లి వీడియోలు లాంటివి మాత్రం ఏడాదికోసారి ఒక హార్డ్ డిస్క్‌లోకి కూడా ఎక్కించుకోండి.

15 జీబీ ఉచితం అన్నారు, ఏమీ పెట్టకుండానే నిండిపోయింది. ఎలా?

ఆ 15 జీబీ డ్రైవ్, జీమెయిల్, ఫోటోస్ మూడింటికీ కలిపి. ఫోటోలు 2021 జూన్ 1 నుంచి ఈ లెక్కలోకి వచ్చాయి. ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఇందులోనే పడుతుంది. పెద్దవాళ్ల ఫోన్లలో నేను చూసినంతవరకు దోషి దాదాపు ఎప్పుడూ ఒకటే: గ్రూపుల్లో వచ్చిన శుభోదయం వీడియోలు. వాట్సాప్ బ్యాకప్ సెట్టింగుల్లో వీడియోలు చేర్చడం ఆపండి. తర్వాత గూగుల్ స్టోరేజ్ పేజీకి వెళ్లి పెద్ద ఫైళ్ల నుంచి మొదలుపెట్టి తీసేయండి.

నాన్నగారు పోయారు. ఆయన ఫోటోలన్నీ ఆయన ఖాతాలోనే ఉన్నాయి, పాస్‌వర్డ్ తెలియదు. ఏం చేయాలి?

చనిపోయినవారి ఖాతా విషయంలో కుటుంబ సభ్యుల విన్నపాలు తీసుకునే ఫారం గూగుల్‌కి ఉంది. మరణ ధ్రువపత్రం, మీ గుర్తింపు పత్రాలు సిద్ధం చేసుకోండి. పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వరు, డేటా ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లు పరిశీలించి తేలుస్తారు. ఆలస్యం చేయకండి, రెండేళ్లు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. ఆయన ఫోన్ ఇంకా తెరుచుకుంటుంటే ముందు అందులోని ఫోటోలు కంప్యూటర్‌లోకి దించుకోండి.

ఇంట్లో మిగతా పెద్దవాళ్ల ఫోన్లలో ఈ ఆదివారమే "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" పెట్టించండి. ఖాతా కొంతకాలం వాడకపోతే డేటా ఎవరికి అందాలో ముందే పది మంది దాకా రాసిపెట్టవచ్చు. ఐఫోన్‌లో దీనికి "లెగసీ కాంటాక్ట్" ఉంది. ఈ మాట పెద్దవాళ్లతో ఎత్తడం కష్టమే. అయినా ఎత్తండి.

## ఖాతా తెరిచి మొదటి మెషీన్ పెట్టేటప్పుడు

ఏడబ్ల్యూఎస్, అజూర్, గూగుల్... దేనితో మొదలుపెట్టాలి?

ఏదైనా ఒక్కటి. ఏడబ్ల్యూఎస్ అమెజాన్ క్లౌడ్, అజూర్ మైక్రోసాఫ్ట్ క్లౌడ్. మెషీన్, నిల్వ, నెట్‌వర్క్, అనుమతులు అనే నాలుగు విషయాలు మూడింట్లోనూ ఉంటాయి, పేర్లే వేరు. ఒకటి బాగా వస్తే రెండోది నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు. మీ కాలేజీలోనో ఆఫీసులోనో పక్కనున్న మనిషి ఏది వాడితే అదే తీసుకోండి, ఇరుక్కుపోయినప్పుడు అడగడానికి తోడు ఉండడం అన్నిటికంటే ముఖ్యం. మూడూ ఒకేసారి మాత్రం వద్దు.

క్రెడిట్ కార్డు లేదు. నేర్చుకోవడం ఎలా?

కాలేజీ ఈమెయిల్ ఉంటే "అజూర్ ఫర్ స్టూడెంట్స్"లో కార్డు లేకుండానే 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. అదీ లేకపోతే మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ అనే హైపర్‌వైజర్ వేసుకుని అందులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడపండి. రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి ఒకదాంట్లో వెబ్ సర్వర్, రెండోదాంట్లో డేటాబేస్ పెట్టి మాట్లాడించండి. ఐపీలు (మెషీన్ల చిరునామాలు), పోర్టులు (మెషీన్‌లోకి వెళ్లే తలుపులు), ఫైర్‌వాల్ (ఆ తలుపుల దగ్గర కాపలా) రూపాయి ఖర్చు లేకుండా చేతికి అలవాటవుతాయి. క్లౌడ్‌కి వచ్చాక తడబడేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నిన్న పెట్టిన మెషీన్ ఇవాళ కనిపించడం లేదు. ఎవరైనా తీసేశారా?

తొంభై పాళ్లు మీరు వేరే రీజియన్‌లో చూస్తున్నారు. ఏడబ్ల్యూఎస్‌లో తెర పైన కుడి మూలలో ఊరి పేరు ఉంటుంది. నిన్న ముంబైలో పెట్టి ఇవాళ వర్జీనియాలో వెతికితే ఖాళీగానే కనిపిస్తుంది. ఒక్కో రీజియన్ వేరే ఊళ్లో ఉన్న వేరే గోడౌన్. మెషీన్ పోయిందనుకుని ఇంకొకటి పెట్టకండి, రెండింటికీ మీటరు తిరుగుతుంది.

రీజియన్ ఏది ఎంచుకోవాలి?

వాడేవాళ్లకి దగ్గరగా ఉన్నది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వేగమే, కానీ హైదరాబాద్ నుంచి అమెరికా వర్జీనియాకి పోయిరావడానికి 200 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఒక పేజీ తెరవాలంటే ఇలాంటి రాకపోకలు చాలా జరుగుతాయి కాబట్టి ఆ ఆలస్యం కంటికి తెలుస్తుంది. మీ వినియోగదారులు విజయవాడ, వరంగల్‌లలో ఉంటే ముంబై లేదా హైదరాబాద్. డాలస్‌లో ఉన్న తెలుగువాళ్ల కోసం సైటు నడుపుతుంటే అమెరికా రీజియనే సరైనది. ధరలు రీజియన్‌ని బట్టి మారతాయి. కొత్త సేవలు కొన్ని హైదరాబాద్‌లో ఇంకా లేకపోవచ్చు, కట్టబోయే ముందు జాబితాలో చూసుకోండి.

## బిల్లు దగ్గర

ఫ్రీ అన్నారు కదా, బిల్లెందుకు వచ్చింది?

ఉచితం అన్న మాటకి ప్రతి చోటా ఒక హద్దు ఉంటుంది, పాత వీడియోల్లో ఆ హద్దు పాతదే ఉంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో 12 నెలల ఉచితం అని చెప్పే వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. 2025 జూలై 15 తర్వాత తెరిచిన ఖాతాలకి ఆ పద్ధతి లేదు. చేరగానే 100 డాలర్ల క్రెడిట్, వాళ్లు చెప్పిన కొన్ని పనులు చేస్తే మరో 100 దాకా ఇస్తారు. ఉచిత ప్లాన్ ఆరు నెలలు లేదా క్రెడిట్ అయిపోయేదాకా, ఏది ముందైతే అది. గూగుల్ 300 డాలర్లు 90 రోజులకి, అజూర్ 200 డాలర్లు 30 రోజులకి ఇస్తాయి. పెయిడ్ ప్లాన్‌కి మారారా, హద్దు దాటిన ప్రతిదానికీ మీటరు తిరుగుతుంది. భారత ఖాతాల బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కూడా కలుస్తుంది.

మెషీన్ ఆపేశాను. అయినా డబ్బు పడుతూనే ఉంది. మోసమా?

మోసం కాదు. టెంట్ హౌస్ కుర్చీలు వాడటం ఆపేసి మూల పేర్చినా, తిరిగి పంపేదాకా అద్దె పడుతుంది కదా. "స్టాప్" అంటే మూల పేర్చడం, "టెర్మినేట్" అంటే తిరిగి పంపడం.

ఆపిన మెషీన్‌కి ప్రాసెసర్ అద్దె ఆగుతుంది, దాని డిస్క్ మీ పేరనే ఉంటుంది కాబట్టి డిస్క్ అద్దె ఆగదు. మీరు విడిగా పట్టి ఉంచుకున్న పబ్లిక్ ఐపీకి కూడా పడుతుంది. ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకీ గంటకి 0.005 డాలర్లు తీసుకుంటోంది. చూడ్డానికి ఏమీ కాదు, నెలకి 720 గంటలు వేస్తే 3.6 డాలర్లు. స్నాప్‌షాట్లు (డిస్క్ కాపీలు), లోడ్ బ్యాలెన్సర్లు (రద్దీని మెషీన్లకి పంచేవి), నాట్ గేట్‌వేలు (లోపలి మెషీన్లని నెట్‌కి కలిపేవి) కూడా మెషీన్‌తో సంబంధం లేకుండా విడిగా నడుస్తాయి. ఇంకొకటి, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి: అమెజాన్ ఆర్‌డీఎస్ డేటాబేస్‌ని ఆపి వదిలేస్తే ఏడు రోజుల తర్వాత తనంతట అదే మళ్లీ మొదలవుతుంది. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఆపి వెళ్లడం కాదు, స్నాప్‌షాట్ తీసుకుని తొలగించి వెళ్లాలి.

500 రూపాయల బడ్జెట్ పెట్టాను. అది దాటగానే అన్నీ ఆగిపోతాయా?

ఆగవు. మామూలు బడ్జెట్ ఈమెయిల్ పంపుతుంది, అంతే. లెక్కలు కూడా కొన్ని గంటలు ఆలస్యంగా వస్తాయి, ఈమెయిల్ వచ్చేసరికి హద్దు దాటి చాలాసేపై ఉండొచ్చు. అందుకే హెచ్చరికను మీరు భరించగల మొత్తంలో సగం దగ్గరే పెట్టుకోండి. ఖాతా తెరిచిన రోజున మొదటి పని ఇదే కావాలని నేను పట్టుబట్టి చెప్తాను.

క్లౌడ్ ఎప్పుడూ చవకేనా?

కాదు. రద్దీ ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు, లేదా ఎంత కావాలో ఇంకా తెలియనప్పుడు చవక. రాత్రీ పగలూ ఏడాదంతా ఒకే బరువు మోసే పనికి, చూసుకునే మనుషులు కూడా ఉంటే, సొంత మెషీన్లు తక్కువలో పడవచ్చు. 37సిగ్నల్స్ అనే అమెరికా సంస్థ ఇదే లెక్క వేసుకుని 2023లో క్లౌడ్ నుంచి సొంత సర్వర్లకి వెళ్లిపోయింది. మీది పది మంది ఆఫీసు అయితే మాత్రం ఏసీ గది, యూపీఎస్, అర్ధరాత్రి లేచి చూసే మనిషి, ఈ మూడింటి ఖర్చూ కలిపి లెక్కవేయండి. సర్వర్ ధర ఒక్కటే వేసుకుని మోసపోతారు.

## భద్రత, పోగొట్టుకోవడం

క్లౌడ్‌లో డేటా దొంగతనం జరిగితే బాధ్యత ఎవరిది?

అపార్ట్‌మెంట్‌లో గేటు, లిఫ్టు, వాచ్‌మన్ అసోసియేషన్ చూసుకుంటుంది. మీ ఫ్లాట్ తలుపు తాళం మీది. తలుపు బార్లా తీసి ఊరెళ్లి అసోసియేషన్‌ని నిలదీయలేరు. క్లౌడ్‌లోనూ భవనం, హార్డ్‌వేర్, హైపర్‌వైజర్ కంపెనీ బాధ్యత. ఎవరికి అనుమతులిచ్చారు, ఏ పోర్టు తెరిచారు, ఏ ఫోల్డర్‌ని అందరికీ కనిపించేలా పెట్టారు అన్నవి మీ బాధ్యత. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి సుమారు 10 కోట్ల మంది అమెరికన్ల వివరాలు బయటికి పోయాయి. క్లౌడ్ మీద తన ఫైర్‌వాల్‌ని ఆ బ్యాంకు సరిగా అమర్చుకోకపోవడమే దొంగకి దారి ఇచ్చింది.

సీక్రెట్ కీని పొరపాటున గిట్‌హబ్‌లో పెట్టేశాను. వెంటనే డిలీట్ చేశాను. సరిపోతుందా?

సరిపోదు. సీక్రెట్ కీ అంటే మీ క్లౌడ్ ఖాతాని ప్రోగ్రాములు వాడుకునే తాళంచెవి, గిట్‌హబ్ అంటే కోడ్ పెట్టుకునే సైటు. ఫైలు తీసేసినా పాత కమిట్లలో (గిట్‌హబ్ దాచిన పాత మార్పుల్లో) కీ ఉంటుంది, అందరికీ కనిపించే రిపోల్లో (కోడ్ ఫోల్డర్లలో) కీల కోసమే వెతికే బాట్లు (తమంతట తామే నడిచే ప్రోగ్రాములు) నిమిషాల్లో పట్టేస్తాయి. ఈ క్షణమే చదవడం ఆపి ఆ కీని డీయాక్టివేట్ చేయండి. తర్వాత మీరెప్పుడూ వాడని రీజియన్లతో సహా అన్ని రీజియన్లలోనూ తెలియని మెషీన్లున్నాయేమో వెతకండి. మీకు తెలియని కొత్త యూజర్లు పుట్టుకొచ్చారేమో చూడండి. అప్పటికే బిల్లు పెరిగి ఉంటే సపోర్ట్‌కి జరిగింది జరిగినట్టు రాయండి, దాచకండి.

నాకు తెలిసిన ఒక విద్యార్థి రాత్రి పడుకునేముందు ప్రాజెక్టు ఎక్కించాడు. తెల్లారేసరికి అతను పేరు కూడా వినని రీజియన్లలో పెద్ద పెద్ద మెషీన్లు నడుస్తున్నాయి. వాళ్ల నాన్నకి చెప్పడానికి రెండు రోజులు భయపడ్డాడు, ఆ రెండు రోజులూ మీటరు తిరిగింది. పిల్లలకి నేను చెప్పేది ఒకటే, ముందు ఆపండి, తర్వాత ఏడవచ్చు.

క్లౌడ్‌లోనే పెట్టాక మళ్లీ బ్యాకప్ ఎందుకు?

ఎస్3 లాంటి నిల్వలో డిస్క్ చెడిపోవడం వల్ల ఫైలు పోయే అవకాశం అతి తక్కువ, 99.999999999 శాతం భద్రంగా ఉండేలా కట్టామని అమెజాన్ చెబుతుంది. కానీ ఆ పదకొండు తొమ్మిదులు డిస్క్ లోపం నుంచి కాపాడతాయి, మీరు పొరపాటున కొట్టిన డిలీట్ నుంచి కాపాడవు.

భవనాలు కూడా కాలతాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి తగలబడింది, వేరే చోట కాపీ పెట్టుకోని వాళ్ల డేటా బూడిదైంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా డేజియోన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల దగ్గర మంటలు లేచి, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు పోయాయి. అంత పెద్దదానికి బయట బ్యాకప్ తీయడం కుదరదని వదిలేశారు. దీనికి ఎదురు ఉదాహరణ ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్. 2024 మేలో గూగుల్ క్లౌడ్ వైపు జరిగిన పొరపాటుతో వాళ్ల ఏర్పాటంతా తుడిచిపెట్టుకుపోయింది. ఇంకో సంస్థ దగ్గర కాపీ పెట్టుకోవడం వల్ల తేరుకున్నారు.

మూడు కాపీలు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే ఊళ్లో. దుకాణం లెక్కల పుస్తకం అయినా సరే ఇదే కొలత. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌ని నిజంగా తెరిచి చూడండి, తెరుచుకోని బ్యాకప్‌లు చాలా ఉంటాయి.

99.99 శాతం నడుస్తుందంటారు. మరి అప్పుడప్పుడు అన్ని యాప్‌లూ ఒకేసారి ఎందుకు ఆగిపోతాయి?

30 రోజుల నెలలో 99.9 శాతం అంటే 43 నిమిషాలు ఆగవచ్చు, 99.99 అంటే నాలుగు నిమిషాల చిల్లర. అది కూడా ఒట్టి హామీ మాత్రమే, దాటితే బిల్లులో కొంత వెనక్కి ఇస్తారు, మీకు పోయిన వ్యాపారం ఇవ్వరు. 2025 అక్టోబరు 20న అమెజాన్ వర్జీనియా రీజియన్‌లో డేటాబేస్ సేవ చిరునామాలు చూసే డీఎన్ఎస్ వ్యవస్థలో లోపం వచ్చి, దాని మీద ఆధారపడ్డ సేవలన్నీ వరసగా కూలాయి. ప్రపంచంలో చాలా యాప్‌లు ఒకే రీజియన్ మీద కూర్చోవడమే కారణం.

మన డేటా విదేశాలకు వెళ్లకూడదని చట్టం ఉందా?

చెల్లింపుల డేటాకి ఉంది, దాన్ని భారత్‌లోనే నిల్వ చేయాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. మిగతా వ్యక్తిగత డేటాకి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. అది విదేశాలకి పంపడాన్ని పూర్తిగా నిషేధించదు, ప్రభుత్వం పేర్కొన్న దేశాలకి పంపకుండా కట్టడి చేయవచ్చు. భద్రతలో తప్పు జరిగితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది.

## చదువు, ఉద్యోగం

సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వస్తుందా?

ఒక్కదానితో రాదు. ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్షకి 100 డాలర్ల ఫీజు, 65 ప్రశ్నలు, 90 నిమిషాలు. పదాలు, క్లౌడ్ మొత్తం తీరు అర్థమయ్యాయని చెప్పడానికి అది చాలు. "మీరు కట్టింది చూపించండి" అని అడిగినప్పుడు చూపించడానికి ఏదైనా ఉండాలి. ఇంట్లో ఆ ఫీజు ఇబ్బంది అయితే ముందు ప్రాజెక్టు కట్టండి, పరీక్ష తర్వాత. బ్యాక్‌డోర్ (దొడ్డిదారి ఉద్యోగం), ప్రాక్సీ (మీ బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇవ్వడం) అని డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

నాది తెలుగు మీడియం. ఇంగ్లిష్ డాక్యుమెంట్లు చదవలేకపోతున్నాను. ఇది నాకు అందేది కాదా?

తప్పకుండా అందుతుంది. ఈ డాక్యుమెంట్లలో ఉండేది ఇంగ్లిష్ సాహిత్యం కాదు, పదాలు తక్కువ, అవే పదే పదే వస్తాయి. ఒక నోట్‌బుక్ తీసుకుని రోజుకి ఒక పేజీ చదివి, ప్రతి కొత్త పదానికీ పక్కన మీ మాటల్లో తెలుగులో ఒక వాక్యం రాయండి. నిఘంటువు అర్థం వద్దు, అది ఏం పని చేస్తుందో రాయండి. రెండు మూడు నెలలు అలా చేసినవాళ్లు ఆ తర్వాత తడబడకుండా చదవడం నేను చూశాను. ఏదైనా పూర్తిగా అర్థమైందో లేదో తేల్చుకోవడానికి దాన్ని అమ్మకి తెలుగులో చెప్పి చూడండి.

విశాఖలో పెద్ద డేటా సెంటర్లు వస్తున్నాయట. మాకు ఉద్యోగాలొస్తాయా?

గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని, సముద్ర కేబుళ్లు కూడా అక్కడికి తెస్తామని ప్రకటించింది. కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది. నడిచేటప్పుడు డేటా సెంటర్ లోపల మనుషులు తక్కువే. అక్కడ ఎక్కువగా కావలసింది కోడ్ రాసేవాళ్ల కంటే ఎలక్ట్రికల్, కూలింగ్, ఫైబర్, ఫైర్ సేఫ్టీ తెలిసినవాళ్లు. ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. క్లౌడ్ మీద సాఫ్ట్‌వేర్ పనికి మాత్రం ఆ భవనం పక్కనే ఉండక్కర్లేదు, కర్నూలులో కూర్చుని కూడా చేయవచ్చు.

మొదటి ప్రాజెక్టుగా ఏం చేయాలి?

మీ ఊరి గురించి నాలుగు పేజీల సైటు. బస్సు వేళలు, జాతర తేదీ, ఆస్పత్రి సమయాలు. దాన్ని ఎస్3 లాంటి నిల్వలో పెట్టి, ముందు సీడీఎన్ పెట్టి, హెచ్‌టీటీపీఎస్‌తో (మధ్యలో ఎవరూ చదవలేని దారిలో) తెరుచుకునేలా చేయండి. అది అయ్యాక ఊరివాళ్లు ఫిర్యాదు రాసే చిన్న ఫారం, దాని వెనక ఒక ఫంక్షన్ (ఫారం వచ్చినప్పుడు మాత్రం నడిచే చిన్న కోడ్), ఒక డేటాబేస్ చేర్చండి. తర్వాత మొత్తం తీసేసి, ఈసారి మౌస్ ముట్టుకోకుండా టెర్రాఫామ్‌తో (ఏం కావాలో ఫైలులో రాసిస్తే తనే కట్టే సాధనం) మళ్లీ కట్టండి. మూడోసారి కట్టేటప్పుడు ఊరివాళ్లెవరికైనా లింకు పంపి, వాళ్ల ఫోన్‌లో ఎంతసేపటికి తెరుచుకుందో అడగండి. మర్నాడు పొద్దున్నే లేచి బిల్లింగ్ పేజీ చూడండి.